డెబ్బై గళ్ల కార్డు

అట్టపెట్టెల ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో ఇరవై ఆరేళ్లు నర్సుగా పనిచేసి కిందటేడు రిటైరైన ఆవిడని ఇప్పటికీ అందరూ సిస్టర్ అనే పిలుస్తారు. బస్సులో కండక్టరు అలాగే పిలుస్తాడు, మందుల షాపువాడు అలాగే పిలుస్తాడు, ఆఖరికి కట్టుకున్న మొగుడు కూడా ఒకసారి నోరు జారి అలాగే పిలిచి చీవాట్లు తిన్నాడు. అలా ఒక్కసారి కూడా పిలవనివాడు ఒక్కడే, ఆవిడ తమ్ముడు. అదే ఫ్యాక్టరీలో ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపేవాడు. వాడికి ఆవిడ ఇంట్లోనూ అక్కే, ఫ్యాక్టరీలోనూ అక్కే. నలుగురిలో ఆ పిలుపు ఆవిడకి నచ్చేది కాదు. డ్యూటీలో ఉండగా చుట్టరికాలేమిటిరా అని కళ్లెర్రజేసేది.

సిస్టర్ మంచి మనిషి. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు, వచ్చిన చిక్కల్లా అదే. గీత గీసిందంటే దాన్ని దాటనిచ్చేది కాదు. తలనొప్పి మాత్ర కోసం వచ్చినవాణ్ణి పొద్దున ఏం తిన్నావో చెప్పమని నిలదీసేది. వేలు తెగి నెత్తురు కారుతూ వచ్చినవాడికి ముందు తిట్లు, తర్వాత కట్టు. అయితే ఆ కట్టు ఎంత శ్రద్ధగా కట్టేదంటే, పనిలో ఎంత నలిగినా వారం దాకా ఊడేది కాదు. వెనకాల హెడ్మాస్టరమ్మ అనుకునేవాళ్లంతా ఎదురుగా వచ్చేసరికి చొక్కా గుండీలు సరిచేసుకుని నిలబడేవారు. డిస్పెన్సరీ అంటే మెషీన్ హాలు చివర ఒక చిన్న గది. ఒక ఆకుపచ్చ తెర, ఒక మంచం, అద్దం పరిచిన బల్ల, ఎవరెక్కినా రెండు కిలోలు ఎక్కువ చూపించే తూకం మెషీను, మందుల బీరువా. కిటికీలోంచి తడి కాగితం వాసన, ఉడుకుతున్న గమ్ము వాసన రోజంతా వస్తూ ఉండేవి.

పన్నెండేళ్ల కిందట చిత్తుకాగితాల షెడ్డులో మంట లేచింది. సమయానికి చూశారు కాబట్టి నాలుగు బేళ్లతో పోయింది. ఎవడో బేళ్ల చాటున సిగరెట్ కాల్చి పీక అక్కడే పారేశాడని తేలింది గానీ, ఆ ఎవడో ఎవడన్నది తేలలేదు. కాగితాల మధ్య పనిచేస్తూ నిప్పుతో ఆటలా అని మేనేజర్ తల పట్టుకుని, జరిమానాలు వేసి చూశాడు, లాభం లేకపోయింది. అప్పుడు ఫ్యాక్టరీకి వచ్చిపోయే డాక్టరు ప్యాచ్‌ల సంగతి చెప్పాడు. చర్మానికి అంటించుకునే చిన్న బిళ్ల. అందులోంచి నికోటిన్ కొద్దికొద్దిగా ఒంట్లోకి దిగుతుంది. పొగ తాగకుండానే ఒళ్లు అడిగేది ఒంటికి అందుతూ ఉంటుంది, కొన్ని వారాల మీద మోతాదు తగ్గించుకుంటూ పోతారు. పదహారు మంది పేర్లిచ్చారు. వాళ్లలో తమ్ముడు ఒకడు. పదిహేడో ఏట మొదలుపెట్టిన సిగరెట్టు, అప్పటికి నలభై ఒకటి నిండాయి వాడికి.

డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేస్తే సిస్టర్ ఎందుకవుతుంది? ప్యాచ్‌లు ఇంటికి పంపిస్తే వీళ్లు అంటించుకుంటారని నమ్మకమేమిటని ఆవిడ తనదైన పద్ధతి ఒకటి పెట్టింది. ఒక్కొక్కరికి ఒక కార్డు. పది వారాలకి డెబ్బై గళ్లు. పొద్దున షిఫ్టుకి వచ్చేటప్పుడు అందరూ డిస్పెన్సరీ ముందు లైన్లో నిలబడాలి. నిన్నటి ప్యాచ్ పీకి, నిన్నటి గడిలో అతికించి చూపించాలి. అప్పుడు ఆవిడ కొత్తది తీసి, చెయ్యి శుభ్రంగా తుడిచి, నిన్న అంటించిన చోట కాకుండా ఇంకో చోట తనే అంటించేది. సెలవురోజుకి సరిపడా ఒకటి ముందురోజే చేతిలో పెట్టేది. వాడేసిన ప్యాచ్‌ని మడిచి పారెయ్యాలని పెట్టెలో కాగితం మీద రాసి ఉంది. కార్డులన్నీ బీరువాలో తాళం వేసి పెడుతున్నాను కదా, ఇంక భయమేమిటని ఆవిడ ఆ మాట పక్కన పెట్టేసింది.

కార్డు మీద గడి నింపేముందు ఒక ప్రశ్న ఉండేది. నిన్న కాల్చావా? లేదు అంటే ఎర్ర పెన్నుతో టిక్కు. అవును అంటే కార్డు రద్దు, ప్యాచ్ బంద్. అదే కాగితం మీద ఇంకో మాట కూడా ఉంది. మధ్యలో ఒకటి రెండు కాల్చినంత మాత్రాన చికిత్స ఆపవద్దు, కొనసాగించండి అని. చిన్న అక్షరాలే అయినా కళ్లజోడు పెట్టుకుని మరీ చదివింది. ఈ మాట మనవాళ్ల చెవిన పడితే నెత్తికెక్కి కూర్చుంటారని, కాగితం మడిచి డ్రాయర్లో పెట్టేసింది.

మొదటి రెండు వారాలు అందరూ లేదు, లేదు, లేదు అంటూ టిక్కులు వేయించుకుని వెళ్లారు. దురద పెడుతోందన్నవాళ్లున్నారు, పిచ్చి పిచ్చి కలలు వస్తున్నాయన్నవాళ్లున్నారు. గమ్ము కలిపే ముసలాయన, ఆయన్ని అంతా గమ్ము తాత అనేవారు, కలలో తన పెళ్లాం సిగరెట్ కాలుస్తూ కనిపించిందని చెప్పి లైన్ మొత్తాన్ని నవ్వించాడు. సిస్టర్ కూడా నవ్వింది. కార్డులు నిండుతుంటే ఆవిడకి ముచ్చటగా ఉండేది.

పందొమ్మిదో రోజు తమ్ముడి వంతు వచ్చింది. ఆవిడ ఇంకా అడగనే లేదు, వాడే చెప్పేశాడు. ముందురోజు సాయంత్రం లోడింగ్ దగ్గర ఒక లారీ వెనక్కి వస్తూ జానెడు దూరంలో ఆగింది. వాడు బండి దిగి అక్కడే కూలబడ్డాడు. ఎవరో సిగరెట్ వెలిగించి చేతిలో పెట్టారు.

"ఒక్కటే కాల్చానక్కా. సగంలో పారేశాను కూడా" అన్నాడు.

వెనకాల పదిమంది ఉన్నారు. వాళ్లందరి చెవులూ ఇటే ఉన్నాయని ఆవిడకి తెలుసు. ఇప్పుడు వీణ్ణి వదిలేస్తే, తమ్ముడు కాబట్టి వదిలేసిందనే మాట సాయంత్రానికల్లా ఫ్యాక్టరీ అంతా పాకుతుంది. ఆవిడ కార్డు తీసుకుని, ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్ర పెన్నుతో గీత కొట్టింది. వాడు నోరు తెరవబోయాడు. ఇంట్లో మాట్లాడుకుందాం, పక్కకి జరుగు అంది. ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. వాడు ఎత్తబోయినా రూల్ రూలేనని తుంచేసింది.

పది వారాలయ్యేసరికి పదహారు మందిలో పదకొండు మంది మానేశారు. డాక్టరు లెక్కన అది చాలా గొప్ప. మేనేజర్ మీటింగ్ పెట్టి ఆవిడకి ఒక గోడ గడియారం ఇచ్చాడు. సొంత తమ్ముణ్ణి కూడా ఉపేక్షించని నర్సు అని నాలుగు ముక్కలు మాట్లాడితే అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినవాళ్లలో తమ్ముడు కూడా ఉన్నాడు.

ఆవిడ ఈ కథని పెళ్లిళ్లలో, ప్రయాణాల్లో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. దానికి ఒక కొసరు కూడా కలిపేది. గీత కొట్టిన నెలన్నరకి వాడు మళ్లీ వచ్చి లైన్లో నిలబడ్డాడట. బల్ల దగ్గర తల వంచుకుని రాసుకుంటున్న ఆవిడకి మొహం కనపడలేదు, చొక్కా అంచూ ప్యాంటు జేబులో దూర్చిన చెయ్యీ కనిపించాయి. అంతమాత్రానికే పోల్చుకుంది. తలెత్తకుండానే, నీ కార్డు రద్దయింది, పక్కకి జరుగు, తర్వాతి వాళ్లు రండి అంది. జేబులో చెయ్యి పెట్టుకుని దొరబాబులా నిలబడ్డాడు, నా దగ్గరా వాడి వేషాలు అని ముగించేది. విన్నవాళ్లు నవ్వేవారు.

ఆ రోజుల్లోనే ఆవిడకి ఇంకో తలనొప్పి ఉండేది. లోడింగ్ దగ్గర గోడకి తగిలించిన ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో ప్లాస్టర్లు నిలిచేవి కావు. వారం వారం నింపడం, వారం తిరిగేసరికి అయిపోవడం. గాయాల రిజిస్టర్ చూస్తే అందులో గీరుకుపోయిన వేలు కూడా లేదు. ఎవడో పిల్లలకి ఆడుకోవడానికి పట్టుకుపోతున్నాడని ఆవిడ అనుమానం. ప్లాస్టర్లు గాయాలకు మాత్రమే అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టె మూత మీద అంటించింది. తర్వాత కొన్నాళ్లకి ఆ దొంగతనం దానంతటదే ఆగిపోయింది. తన నోటీసుకి భయపడ్డారనుకుంది.

తమ్ముడు మాత్రం మళ్లీ మొదలుపెట్టాడు. రోజుకి పది అయ్యాయి, ఇరవై అయ్యాయి. ఎనిమిదేళ్లు గడిచేసరికి ఆయాసం వచ్చింది. బండి ఎక్కడానికి రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకోవాల్సి వచ్చాక పని మానిపించేశారు. ఊపిరితిత్తులు చాలామటుకు పాడయ్యాయి, ఉన్నవాటిని కాపాడుకోవడమే అన్నారు డాక్టర్లు. అప్పుడు మానేశాడు సిగరెట్లు, మానక చేసేదేముంది. రెండు వీధుల అవతలే ఇల్లు. ఆవిడ రెండు రోజులకోసారి వెళ్లి, మందులు వేళకి వేసుకుంటున్నాడా లేదా చూసి, వచ్చేముందు ఒక మాట తప్పకుండా అనేది. అప్పుడే నా మాట విని ఉంటే ఈ గతి పట్టేదా అని. వాడు తలూపేవాడు.

కిందటి నెలలో స్టోర్ కీపర్ రిటైరయ్యాడు. క్యాంటీన్‌లో చిన్న సభ పెట్టి ఆవిడని కూడా పిలిచారు. దండలూ మాటలూ అయిపోయాక టీ గ్లాసు పట్టుకుని ఆయన ఆవిడ పక్క కుర్చీలో వచ్చి కూర్చున్నాడు. ఆ పదకొండు మందిలో ఆయనొకడు. నాటి నుంచి నేటి వరకూ సిగరెట్ ముట్టలేదు.

"సిస్టర్, ఇన్నాళ్లకి ఒక మాట చెప్తాను, కోప్పడకూడదు. ఆ పది వారాల్లో నేను మూడుసార్లు కాల్చాను."

రోజూ అడిగితే లేదనే చెప్పారు కదా అంది ఆవిడ. ఆయన గ్లాసులోకి చూస్తూ నవ్వాడు.

"అవునంటే ప్యాచ్ ఆపేసేవారు కదా. అది లేకపోతే నేను ఆగలేనని నాకు తెలుసు. గమ్ము తాత రెండుసార్లు కాల్చాడు. ఫోర్‌మన్‌ది లెక్కే లేదు. అందరం పొద్దున్నే వచ్చి లేదని చెప్పి అంటించుకుని పోయేవాళ్లం. అలా అలా మానేశాం. మీ తమ్ముడొక్కడే ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పి ఏం బావుకున్నాడు పాపం."

ఆయన ఆ మాట ఆవిణ్ణి నొప్పించాలని అనలేదు. ఏదో పాత ముచ్చట చెప్పుకున్నట్టే చెప్పి, ఎవరో పిలిస్తే లేచి వెళ్లాడు. ఆవిడ టీ తాగింది. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. డ్రాయర్లో మడిచిపెట్టిన కాగితం మీది చిన్న అక్షరాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తెలియక చేసి ఉంటే వేరు, చదివి చేసింది. ఆవిడకి ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఎంత సిగ్గంటే, గేటు దాకా నడుస్తూ ఎదురైనవాళ్లెవరి మొహమూ చూడలేకపోయింది.

మర్నాడు పొద్దున్నే తమ్ముడి ఇంటికి వెళ్లింది. వాడు కిటికీ దగ్గర కుర్చీలో, ఒళ్లో దిండు పెట్టుకుని దాని మీదికి వంగి కూర్చున్నాడు. అలా వంగితేనే గాలి ఆడుతుంది వాడికి. పక్కన ఆక్సిజన్ మెషీను గుర్రుమంటోంది. మాట్లాడాలంటే వాడు నాలుగు మాటలకోసారి ఆగాలి. మరదలు వంటింట్లో ఉంది. మందుల డబ్బా తెరవకుండా అక్క అలా ఎదురుగా కూర్చోవడం వాడికి వింతగా ఉన్నట్టుంది, ఏమైందన్నట్టు చూశాడు. ఆవిడ స్టోర్ కీపర్ చెప్పిందంతా చెప్పింది. కాగితం సంగతి కూడా చెప్పింది. తప్పు నాదేరా అన్న ఆఖరి మాట మాత్రం చెప్పలేకపోయింది.

వాడు చిన్నగా నవ్వాడు. "అప్పుడే చెప్పాడు నాకు. నువ్వూ లేదని చెప్పరా... ఏం పోతుంది అన్నాడు."

"మరి లేదని ఎందుకు చెప్పలేదురా?"

"వేరే నర్సయితే... చెప్పేవాణ్ణే. నువ్వు అడిగితే... ఎలా చెప్పను?"

మరదలు చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి అంతా వింటోంది. లోపలికి వెళ్లి, బీరువా అడుగున ఆస్పత్రి కాగితాల కట్ట కింది నుంచి ఒక అట్టముక్క తీసుకొచ్చింది. వాడు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఆయన చూపించొద్దంటారు వదినా. ఇన్నాళ్లూ ఒట్టు వేయించుకుని దాయించారు. నావల్ల కాదు ఇంక" అని ఆవిడ ఒళ్లో పెట్టింది.

ఫ్యాక్టరీ అట్టే. కత్తితో నీటుగా కోసి, పెన్సిలుతో గళ్లు గీశారు. వరసకి ఏడు, పది వరసలు. గడి గడికీ ఒక ప్లాస్టరు అతికించి ఉంది. కోసుకున్న వేలికి వేసే మామూలు ప్లాస్టరు. జిగురు పోయినవాటిని పెట్టెలకి వాడే గమ్ముతో అతికించాడు. అంచులకి గ్రీజు మరకలు. కింద తేదీలు. పైన వంకర అక్షరాలతో, అక్క గీత కొట్టిన మర్నాటి నుంచి అని రాసి ఉంది. అలవాటు చొప్పున ఆవిడ వేలు పెట్టి లెక్కపెట్టింది. నలభై మూడు. నలభై నాలుగో గడిలో తేదీ మాత్రం ఉంది, ప్లాస్టరు లేదు.

"రోజూ పొద్దున... చెయ్యి తుడుచుకుని... ఇంకో చోట వేసుకునేవాణ్ణి, నీలాగే" అన్నాడు వాడు. "ఉత్త ప్లాస్టరే. అయినా అది ఉన్నంతసేపూ... నువ్వు అడుగుతావనిపించేది. ఒక్కటి కూడా కాల్చలేదక్కా ఆ నలభై మూడు రోజులు."

"మరి నాకెందుకు చూపించలేదురా?" అనేసింది ఆవిడ. అన్న మరుక్షణం ఆవిడకే తెలిసిపోయింది.

వాడు ఊపిరి కూడదీసుకుని చెప్పాడు. "తెచ్చాను. జేబులో ఉంది. బయటికి తీద్దామని... చెయ్యి పెట్టాను. నువ్వు తలెత్తలేదు."

పదకొండేళ్లుగా ఎంతమంది ముందు చెప్పి నవ్వించిందో ఆ దొరబాబు కథ. అట్టముక్క జేబులో పట్టాలని మధ్యకి మడిచిన గీత ఇంకా స్పష్టంగా ఉంది. ఆవిడ దాన్ని బొటనవేలితో సాపు చేస్తూ కూర్చుంది. ఎంత చేసినా అది సాపు కాలేదు.

"ఆ పూటే మళ్లీ వెలిగించారు వదినా" అంది మరదలు. అని, స్టవ్ మీద ఏదో ఉందని లోపలికి వెళ్లిపోయింది.

ఆవిడ తల దించుకునే, "ఆ రోజు నేను తలెత్తి చూసి ఉంటే" అని మొదలుపెట్టింది. వాడే పూర్తి చేశాడు.

"చూసి ఉంటే... ఫ్యాక్టరీ ప్లాస్టర్లు దొంగతనం చేస్తావట్రా అని... అందరి ముందూ తిట్టేదానివి" అని నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఎంతకీ ఆగలేదు. ఆవిడ లేచి వీపు మీద చెయ్యి వేసి, దిండు సరిచేసి, ముక్కు దగ్గర గొట్టం సర్ది, వాడి ఊపిరి మళ్లీ దారిలో పడేదాకా అలాగే నిలబడింది. చొక్కాలోంచి వీపు ఎముకలు చేతికి తగులుతున్నాయి.

"అవును, తిట్టేదాన్నే" అంది చివరికి. "తిట్టి, కొత్త కార్డు ఇచ్చేదాన్నిరా."

వాడు కళ్లు మూసుకుని సరేనన్నట్టు తలూపాడు, చిన్నప్పటి నుంచీ ఆవిడ ఏం చెప్పినా ఊపినట్టే. నిజంగా ఇచ్చి ఉండేదా అని ఆవిడ తనని తానే ప్రశ్నించుకుంది. ఇచ్చేదాన్నని గట్టిగా చెప్పుకోవడానికి ఆవిడకి నోరు రాలేదు.